బబుల్ టిప్ కాని తల్లి, దానికి పుట్టని పిల్లలు: ఒక అనెమొనీ గుర్తింపు కేసు

సుమారు 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. ఏడాది దాటిన సెటప్. ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్, బబుల్ టిప్ (టెంటకిల్స్ కొసల దగ్గర బుడగలుండే రకం) అని చెప్పి అమ్మిన ఒక అనెమొనీ, అంటే నోటి చుట్టూ టెంటకిల్స్ అనే మెత్తని తీగలతో పువ్వులా కనిపించే సముద్రపు జంతువు. యజమానురాలు నన్ను పిలిచింది ఆ అనెమొనీ కోసం కాదు, దాని పిల్లల కోసం.

“మా అనెమొనీ పిల్లల్ని పెట్టిందండీ. రాళ్ల మీద పది పదిహేను దాకా లేచాయి. తల్లే ఒకచోట కుదురుగా ఉండట్లేదు. దాని బుడగలు కూడా పోయాయి. పిల్లలు పుట్టి నీరసపడిందంటారా?”

ఆవిడ లెక్క తప్పుపట్టేలా లేదు. చిన్నవాటికి కొసల్లో బుడగలున్నాయి. పెద్దదాన్ని అమ్మేటప్పుడు బబుల్ టిప్ అన్నారు. కాబట్టి చిన్నవి దాని పిల్లలు, బుడగలు లేకపోవడం తల్లికి వచ్చిన జబ్బు. ఈ లెక్కలో రెండు ఊహలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. రెండిటినీ విడదీసి చూస్తే తప్ప ట్యాంకులో ఏం చేయాలో తేలదు. పిల్లలే అయితే కాపాడాలి, కాకపోతే వదిలించుకోవాలి. పెద్దది నిజంగా బబుల్ టిప్ అయితే దానికి రాతి సందు కావాలి, కాకపోతే ఇంకేదో కావాలి. అందుకే అనెమొనీల విషయంలో పేరు తెలుసుకోవడం సరదా పని కాదు. అది ఎక్కడ బతకాలో చెప్పేది ఆ పేరే.

ముందు నీళ్లు చూశాం. లవణీయత వెయ్యికి 35, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, నైట్రేట్ 10 లోపు, ఆల్కలినిటీ, అంటే నీటి క్షార గుణం, ఎనిమిదిన్నర డీకేహెచ్ (దాని కొలత). జంతువును ఊరంతా తిప్పే లోపం ఏదీ లేదు. నీళ్ల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. ఇసుక మందం 3 సెంటీమీటర్లు అని మాత్రం పక్కన రాసుకున్నాను.

ఆవిడ ముందుగా పంపిన ఫోటోలన్నీ నీలం లైట్ల కింద తీసినవి. నీలం వెలుగులో అనెమొనీ ఒంట్లోని ఫ్లోరసెంట్ ప్రోటీన్లు పచ్చగా మెరుస్తాయి, మిగతా రంగులు మాయమవుతాయి. ఆ ఫోటోల్లో ప్రతి జాతీ ఒకే ఆకుపచ్చ నక్షత్రంలా కనిపిస్తుంది. ఫోటో చూసి పేరు చెప్పమని అడిగే వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. తెల్ల లైటు వేయండి, కాసేపు పంపులు ఆపండి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కాండం (టెంటకిల్స్ కింది ఒళ్లు) కనిపించేలా ఒకటి, పాదం (కాండం అడుగు) ఎక్కడ పట్టుకుందో తెలిసేలా ఒకటి తీయండి. చివరి రెండూ తీయడం కష్టం, అందుకే ఎవరూ పంపరు. తేల్చేవి మాత్రం అవే.

చిన్నవాటి సంగతి ముందు తేల్చాం, అది తేలిక కాబట్టి.

బబుల్ టిప్, అంటే ఎంటాక్మియా క్వాడ్రికలర్, ఇంటి ట్యాంకుల్లో పెరిగేది ఎక్కువగా చీలిక ద్వారానే. జంతువు నిలువునా రెండుగా తెగి, ప్రతి ముక్కా ఒక పూర్తి అనెమొనీ అవుతుంది. అలా వచ్చిన రెండూ దాదాపు తల్లిలో సగం సైజుంటాయి. పుట్టినప్పుడు పక్కపక్కనే ఉండి, తర్వాత ఒకటి కదిలిపోతుంది. బొత్తాం అంత చుక్కలు తల్లికి దూరంగా, ట్యాంకు ఆ చివర రాళ్ల మీద పదిహేను లేచాయంటే అది చీలిక పద్ధతి కాదు. ఇక మిగిలింది గుడ్లు, వీర్యం విడుదలై లార్వాలు పుట్టడం. ఆ లార్వాలు పంపులూ ఫిల్టర్లూ దాటి ఇంటి ట్యాంకులో ఇంతమంది బతికి బట్టకట్టడం చాలా అరుదు. పైగా ఇక్కడి ‘తల్లి’ చీలినట్టు ఎవరూ చూడలేదు, దాని సైజూ తగ్గలేదు. పిల్లలు కారని భూతద్దం తీయకముందే అనుమానం గట్టిపడింది.

భూతద్దంలో కనిపించింది ఇది. నోటి చక్రం, అంటే నోరు మధ్యలో ఉండే పై పళ్లెం, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. టెంటకిల్స్ పొట్టిగా, బొద్దుగా, ఒకదాన్నొకటి తోసుకునేంత ఒత్తుగా ఉన్నాయి. రంగు గోధుమ కలిసిన పచ్చ. కొసలు గుండ్రంగా ఉబ్బి లేత గులాబీ రంగులో ఉన్నాయి. చూడాల్సింది ఆ ఉబ్బు ఎక్కడుందన్నది. బబుల్ టిప్ బుడగ టెంటకిల్ చిట్టచివర ఉండదు, చివరికి కాస్త కింద ఉంటుంది. బుడగ దాటాక చిన్న మొన ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. చాలావాటిలో బుడగ నడుముకి తెల్లని పట్టీ కూడా ఉంటుంది. ఈ చిన్నవాటిలో మొనా లేదు, పట్టీ లేదు. ఉబ్బే చివర.

ఇవి మజానోలు. శాస్త్రీయ నామం అనెమోనియా మంజానో. రాళ్లతోనో కోరల్ ముక్కలతోనో దొంగచాటుగా వచ్చి, వెలుగు, కాస్త ఆహారం దొరికితే రాతినంతా ఆక్రమించే రకం. ఐప్టేషియా అనే మరో చీడ అనెమొనీతో కలిపి చెబుతుంటారు గానీ రెండూ ఒకేలా ఉండవు. ఐప్టేషియా పొడుగు కాండంతో, కొస సన్నబడే పలచని గోధుమరంగు టెంటకిల్స్‌తో ఉంటుంది, వేలు దగ్గరకు తెస్తే చటుక్కున రంధ్రంలోకి జారుకుంటుంది. మజానో బొద్దుగా, తీరిగ్గా ముడుచుకుంటుంది. అందంగా కూడా ఉంటుంది, అదే దాని అదృష్టం. ఐప్టేషియాను చూసి ఎవరూ ముచ్చటపడరు, మజానోను మాత్రం పేరు పెట్టి పెంచుకునే వాళ్లున్నారు.

ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖంలో కాస్త నిరాశ. “అయితే బుడగలున్నవి బబుల్ టిప్పులు కావు, బుడగల్లేనిది మాత్రం బబుల్ టిప్పా?” అనడిగింది. సరైన ప్రశ్న. ఎందుకంటే చిన్నవి పక్కకు తప్పుకోగానే పెద్దది బబుల్ టిప్ అనడానికి మిగిలిన ఆధారం అమ్మినవాళ్ల మాట ఒక్కటే. ఈ వ్యాపారంలో పేర్లు ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతలా ఉంటాయి. సెబే అన్న ఒకే వ్యాపార పేరు మీద ఒకటికి మించిన రకాలు అమ్ముడుపోతాయి. పొడుగు టెంటకిల్ ఉన్నదల్లా బబుల్ టిప్పో, కాండీయో (కాండిలాక్టిస్ అనే రకానికి పొట్టి పేరు) అయిపోతుంది.

పెద్దదాని రూపం: విప్పారినప్పుడు అడ్డంగా 20 సెంటీమీటర్ల పైనే. టెంటకిల్స్ పొడుగ్గా, మొదట్లో లావుగా ఉండి కొసదాకా సమంగా సన్నబడుతూ పోయాయి. రంగు పాలిపోయిన లేత గోధుమ, కొసలకు వంగపండు ఛాయ. పగలంతా ఒక చిన్న రాతిని పట్టుకుని ఉంటుంది. రాత్రి అయ్యేసరికి రాయి ఇసుకను తాకే అంచుకు దిగి, అద్దం పక్కన కాసేపు నిలబడి, తెల్లారేసరికి మళ్లీ పైకి వస్తుంది. ఒకసారి పవర్‌హెడ్ (నీటిని తోసే పంపు) జాలీ దాకా వెళ్లిందని ఆవిడ టెన్షన్ పడింది.

బుడగలు పోయాయన్నది నిజమేనా? కొన్న రోజు ఫోటో అడిగి తెప్పించుకున్నాను. అందులో జంతువు సగం ముడుచుకుని ఉంది, టెంటకిల్స్ పొట్టిబడి మొద్దుగా కనిపిస్తున్నాయి. ముడుచుకున్న అనెమొనీ ఏ జాతిదైనా కొసలు ఉబ్బినట్టే కనిపిస్తాయి. ఆ ఫోటోలో మొనతో ఉన్న అసలు బుడగ ఒక్కటీ లేదు. అంటే బుడగలు పోవడం కాదు, ఎప్పుడూ లేవు. అలాగని బుడగ లేదు కాబట్టి బబుల్ టిప్ కాదనేయడం కూడా తొందరపాటే. అసలైన క్వాడ్రికలర్‌కు ట్యాంకుల్లో బుడగలు వస్తాయి, పోతాయి. నెలల తరబడి నున్నటి పొడుగు టెంటకిల్స్‌తో ఆరోగ్యంగా ఉన్నవాటిని చాలా చూశాను.

క్లౌన్ చేపలు అందులో పడుకుంటున్నాయి కదా అన్నది ఆవిడ రెండో ఆధారం. అదీ నిలవదు. ప్రకృతిలో క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే అనెమొనీలుగా లెక్కకొచ్చినవి పది జాతులు. వాటిలో ఒసెల్లారిస్ చేరేవి మూడే: హెటరాక్టిస్ మాగ్నిఫికా, స్టికోడాక్టిలా జైగాంటియా, స్టికోడాక్టిలా మెర్టెన్సీ. బబుల్ టిప్ ఆ మూడింట్లో లేదు. ట్యాంకులో అదే చేప బబుల్ టిప్‌లోనూ దూరుతుంది, లెదర్ కోరల్‌లోనూ దూరుతుంది, ఏదీ లేకపోతే పంపు పక్కన కాపురం పెడుతుంది. దాని ఇష్టాన్ని బట్టి జాతి తేల్చలేం.

ఇక రంగు. పాలిపోవడం అంటే ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సహజీవి శైవలాలు తగ్గిపోయాయని అర్థం. అది ఆరోగ్య సమాచారం, జాతి లక్షణం కాదు. తెల్లగా, వంగరంగు కొసలతో ఉన్న అనెమొనీ అనగానే చాలామందికి హెటరాక్టిస్ క్రిస్పా గుర్తొస్తుంది. నిజానికి ఆ క్రిస్పా కూడా బ్లీచ్ అయిన, అంటే ఇలా పాలిపోయిన స్థితిలోనే అలా అమ్ముడుపోతుంటుంది. ఈమధ్య శాస్త్రీయ జాబితాల్లో క్రిస్పా, మాలు, మాగ్నిఫికాలను రేడియాంథస్ అనే ప్రజాతి కిందికి మార్చారు. ట్యాంకులు పెంచేవాళ్ల నోట ఇంకా పాత పేర్లే నలుగుతున్నాయి కాబట్టి నేనూ వాటినే రాస్తున్నాను.

కొన్నిటిని చూపుతోనే పక్కన పెట్టేయొచ్చు. కార్పెట్ అనెమొనీలు కావు, వాటి టెంటకిల్స్ పొట్టిగా తివాచీలా పరుచుకుని ఉంటాయి. మాగ్నిఫికా కాదు, దాని టెంటకిల్స్ చేతివేళ్లలా మొద్దు కొసలతో ఉంటాయి, సన్నబడవు. అరోరా కాదు, దాని టెంటకిల్‌కు వరసగా పూసలు గుచ్చినట్టు ఉబ్బులుంటాయి. ట్యూబ్ అనెమొనీ అసలే కాదు. అది తాను అల్లుకున్న గొట్టంలో ఉంటుంది, నోటి దగ్గర ఒకటి, అంచున ఒకటి రెండు జట్ల టెంటకిల్స్ ఉంటాయి, నిజానికి అది వేరే వర్గం. హెటరాక్టిస్ మాలు టెంటకిల్స్ నాలుగు సెంటీమీటర్లు దాటడం అరుదు. ఇక్కడివి దానికి రెట్టింపు పైనే ఉన్నాయి.

చివరికి బరిలో మిగిలినవి నాలుగు: బుడగల్లేని బబుల్ టిప్, క్రిస్పా, కరీబియన్ సముద్రపు కాండిలాక్టిస్ జైగాంటియా, మాక్రోడాక్టిలా డోరీన్సిస్. పై నుంచి చూస్తే నాలుగూ పొడుగు టెంటకిల్స్ ఉన్న పువ్వులే. అయినా పై చూపులోనే ఒక చిన్న ఆధారం దొరికింది. టెంటకిల్స్ మధ్య ఖాళీలు బాగా ఉన్నాయి, నోటి చక్రం స్పష్టంగా కనిపిస్తోంది, దాని మీద నోటి నుంచి అంచు వైపు తెల్లని సన్న గీతలున్నాయి. క్రిస్పాకు వందల టెంటకిల్స్ ఉంటాయి, చక్రం ఇంత బట్టబయలుగా కనిపించదు. ఇది క్రిస్పాకు వ్యతిరేకంగా ఒక మాట. తీర్పు చెప్పడానికి చాలదు.

తీర్పు కాండం దగ్గర దొరికింది. రాత్రి లైట్లు ఆరాక, జంతువు అద్దం పక్కకు దిగి సగం ముడుచుకున్న సమయంలో టార్చి వేసి చూశాం. ఎర్ర కాగితం చుట్టిన టార్చి అయితే అది అంతగా ఉలిక్కిపడదు. బేస్టర్‌తో, అంటే రబ్బరు బుడ్డి ఉన్న పొడుగు గొట్టంతో, పాదం చుట్టూ ఉన్న ఇసుకను నెమ్మదిగా ఊదితే కాండం కింది సగం బయటపడింది. మొదట కనిపించింది రంగు. పైనంతా పాలిపోయిన ఈ జంతువుకు కింది భాగం ఎర్రటి నారింజ రంగులో ఉంది. పైకి వచ్చేకొద్దీ అది వంగరంగు కలిసిన బూడిద ఛాయలోకి మారింది. ఆ పై సగంలో, నోటి చక్రం కిందుగా, కోలగా తెల్లని బుడిపెలు నిలువు వరసల్లో దిగుతున్నాయి.

అక్కడితో బబుల్ టిప్ కథ ముగిసింది. క్వాడ్రికలర్ కాండం నున్నగా ఉంటుంది, దానికి బుడిపెలుండవు. బుడగ ఉన్నా లేకపోయినా, ఎర్రదైనా పచ్చదైనా, ఇది మారదు.

కాండిలాక్టిస్‌కు కూడా కాండం ఎర్రగా, నారింజగా ఉండొచ్చు, కొసలు వంగరంగులో ఉండొచ్చు. రంగు ఒక్కటే చూస్తే ఇక్కడ బోల్తా పడతాం. కానీ దాని కాండం మీద ఇంత స్ఫుటంగా, వరసకట్టిన తెల్ల బుడిపెలు ఉండవు. టెంటకిల్స్ కూడా ఇంకా బలిసి ఉండి, రంగు కొస ఒక టోపీలా విడిగా తెలుస్తుంది.

క్రిస్పా మిగిలింది. దానికీ బుడిపెలుంటాయి. అయితే క్రిస్పా కాండం సాధారణంగా బూడిద రంగులో, తోలులా మందంగా ఉంటుంది, బుడిపెలు జిగురుగా ఉంటాయి. ఇసుక రేణువులనూ గుల్ల ముక్కలనూ ఒంటికి అంటించుకుని ఉంటుంది. ఊదినా అంత తేలిగ్గా రాలవు. అందుకని బేస్టర్‌తో కొద్దిగా సన్న ఇసుక తీసుకుని కాండం పై భాగం మీద చల్లాం. రేణువులు బుడిపెల మీదుగా జారి కిందికి వెళ్లిపోయాయి, ఒక్కటీ నిలవలేదు. అప్పటికే గంటల తరబడి ఇసుకను ఆనుకుని ఉన్న జంతువు ఒంటి మీద ఒక్క గుల్ల ముక్క కూడా అంటుకుని లేదన్నది కూడా అదే మాట చెబుతోంది. జిగురు లేని, తెల్లని, వరసల్లో ఉన్న బుడిపెలు, ఎర్రని అడుగు, పలచగా అమరిన టెంటకిల్స్. ఇది మాక్రోడాక్టిలా డోరీన్సిస్. వ్యాపారంలో లాంగ్ టెంటకిల్ అనీ, టెంటకిల్స్ మెలి తిరుగుతాయి కాబట్టి కార్క్‌స్క్రూ అనీ అంటారు.

సందేహం ఉన్నవాళ్లు అడుగుతారు, సూక్ష్మదర్శిని లేకుండా ఇంత గట్టిగా చెప్పొచ్చా అని. శాస్త్రవేత్తలు అనెమొనీని కోసి లోపలి పొరల అమరిక, కండరాలు, దంశ కణాల (కుట్టే కణాల) రకాలు చూసి తేలుస్తారు. అన్ని అనెమొనీలకూ బయటి రూపం చాలదు. కానీ క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే పది అనెమొనీ జాతుల వరకు, కాండం కనిపించిన బతికున్న జంతువును ఇంత దూరం పోల్చుకోవచ్చు. కాండం కనిపించకపోతే నేను పేరు చెప్పను.

పేరు తేలగానే రాత్రి తిరుగుళ్ల సంగతి అర్థమైంది. డోరీన్సిస్ ప్రకృతిలో ఇసుక, బురద నేలల్లో ఉంటుంది. కాండం మొత్తం ఇసుకలో పూడ్చుకుని, పాదంతో అడుగున దేన్నో పట్టుకుని, నోటి చక్రాన్ని మాత్రం ఇసుక మీద పరుస్తుంది. భయం వేస్తే మొత్తం కిందికి లాక్కుంటుంది. ఈ ట్యాంకులో దాన్ని బబుల్ టిప్ అనుకుని రాతి మీద పెట్టారు. అది రోజూ ఇసుక వెతుక్కుంటూ దిగుతోంది, 3 సెంటీమీటర్ల దగ్గర అడుగు అద్దం తగులుతోంది, ఒళ్లు దాచుకునే చోటు లేక తిరిగి ఎక్కుతోంది. నీరసమూ కాదు, పురుటి బాధా కాదు.

ట్యాంకు ముందు మూలను ఎంచుకున్నాం, ప్రవాహం మరీ ఎక్కువ లేని చోటు. చిన్న రాళ్లతో ఒక గట్టు కట్టి, అడుగున చదునైన రాయి ఒకటి పడుకోబెట్టి, దాని మీద కడిగిన సన్న ఇసుకను విడతలుగా పోసి 15 సెంటీమీటర్ల దాకా పెంచాం. పాత ఇసుకను కెలకలేదు. అందులో పేరుకున్న చెత్త ఒక్కసారిగా నీళ్లలో కలిస్తే కొత్త సమస్య వస్తుంది. అనెమొనీని రాతి నుంచి పీకలేదు. పాదం చిరిగితే ఇన్ఫెక్షన్ వచ్చి కుళ్లిపోతుంది, అక్కడ చిరుగు చిన్నదైనా ప్రమాదమే. అది పట్టుకున్న రాయి చిన్నదే కాబట్టి రాయితో సహా ఎత్తి, ఇసుకలో తవ్విన గుంట అంచున పక్కకు వాల్చి పెట్టాం. పంపులకు స్పాంజి తొడుగులు వేశాం. తర్వాత చేయాల్సింది చేతులు కట్టుకుని కూర్చోవడమే, ఈ వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే. కొద్ది రోజుల్లో అది రాయిని వదిలి గుంటలోకి దిగింది. ఒకసారి బయటికొచ్చి చోటు మార్చుకుని మళ్లీ దిగి, ఇక కదల్లేదు.

బ్లీచ్ అయిన జంతువుకు ఒక్కసారిగా వెలుగు పెంచకూడదు. తక్కువ తీవ్రతతో మొదలుపెట్టి వారానికింత చొప్పున పెంచాం. వారానికి రెండుసార్లు నోటికంటే చిన్న రొయ్య ముక్క. పెద్ద ముక్క పెడితే మింగుతుంది, మర్నాడు కక్కుతుంది, పెట్టినవాళ్లకు మాత్రం తిన్నదన్న తృప్తి మిగులుతుంది.

మజానోలకు కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద వాడాం. పంపులు ఆపి, సిరంజితో నోటి మీద పూర్తిగా కప్పేలా పెట్టాలి. ఒక్కో విడతకు రెండు మూడే, ఎక్కువైతే నీటి పీహెచ్ ఎగబాకుతుంది. బ్లేడుతో గీకేస్తే పోదా అని ఆవిడ అడిగింది. గీకితే మిగిలిన తునకల నుంచి మళ్లీ మొలుస్తాయి, ఒకటి నాలుగవుతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు ఐప్టేషియాను తింటాయి గానీ మజానోల కోసం వాటిని నమ్ముకోలేం. బెర్ఘియా నత్తలకు ఐప్టేషియా తప్ప వేరేది పనికిరాదు. కాబట్టి ఇక్కడ పేరు తప్పితే మందు కూడా తప్పుతుంది.

నెలలు గడిచాక చూసినప్పుడు పెద్దదానికి గోధుమ రంగు తిరిగొచ్చింది, నోరు గట్టిగా మూసుకుని ఉంది, టెంటకిల్స్ కొన్ని స్ప్రింగులా మెలి తిరిగాయి. అద్దం మీద తట్టగానే ఇసుకలోకి కుంగిపోయింది. క్లౌన్ చేపలు కొన్నాళ్లు దాన్ని వదిలేసి లెదర్ కోరల్‌లో ఉన్నాయి, తర్వాత వాటంతటవే తిరిగొచ్చాయి.

అసలైన బబుల్ టిప్ ఒకటి తెచ్చి రాళ్ల మీద పెట్టుకోవచ్చా అని ఆవిడ చివర్లో అడిగింది. ఈ సైజు ట్యాంకులో వద్దన్నాను. కొత్తది చోటు నచ్చేదాకా తిరుగుతుంది, తిరిగేటప్పుడు రెండూ తగిలితే దంశ కణాలతో ఒకదాన్నొకటి కుట్టుకుంటాయి. రాళ్ల వెనక, చేయి దూరని సందులో ఇంకా రెండు మజానోలున్నాయి. వాటిని తీయడానికి ఆ రాయి కదపాలి, అది ఇసుక గట్టుకు ఆసరా. ప్రస్తుతానికి అక్కడికి వెలుగు తక్కువ పడేలా లైటు జరిపి, కొత్తవి లేస్తున్నాయేమో వారం వారం చూడమని చెప్పాను.